గోడమీది సూర్యబింబము

బోరబండలో మా యింటి డాబాపై నుండి చూచినచో, శీతకాలపు సాయంకాలములందు సూర్యుడు నైరృతి దిక్కుగా, హైటెక్ సిటీ మేడల వైపునకు దిగిపోవుచుండును. ఆ వేళ అతడు ఎఱ్ఱగా, మధ్యాహ్న సూర్యునికి రెట్టింపున్నాడా యనునట్లు కనబడును. పిల్లలు ఆట మాని, "తాతా, సూర్యుడు ఎంత పెద్దవాడైనాడో చూడు!" అని కేకలు వేయుదురు. ఆ కేక వినినప్పుడెల్ల నా పాత తప్పు ఒకటి జ్ఞాపకమునకు వచ్చును.

నేను తెలుగు పండితుడను. ప్రధానోపాధ్యాయుడనై యుండగా ఒకనాడు సైన్సు మాస్టరు సెలవు పెట్టుటచే ఎనిమిదవ తరగతికి నేనే పోయితిని. ఎండల మాట వచ్చినది. "వేసవిలో భూమి సూర్యునికి దగ్గరగా పోవును, అందుచేతనే యింత వేడి" అని చెప్పితిని. పొయ్యి దగ్గరకు జరిగిన వేడి హెచ్చదా? నాకు సందేహమే కలుగలేదు. వెనుక బల్లపై నుండి ఒక బాలిక లేచి, "అట్లయిన వేసవిలో సూర్యుడు పెద్దగా కనబడవలెను గదా, సార్?" అని అడిగినది. నాకు జవాబు తోచలేదు. తోచలేదని యొప్పుకొనుటకు పదవి అడ్డు వచ్చినది. "కనబడును. నీవు సరిగా చూడలేదు, కూర్చో" అంటిని. ఆమె కూర్చున్నది. ఆ సంవత్సరమంతయు మరి యొక ప్రశ్న అడుగలేదు.

ఉద్యోగ విరమణానంతరము తీరిక చిక్కినది. సూర్యుని కంటితో చూచుట ప్రమాదము గావున అద్దమును ఆశ్రయించితిని. చిన్న అద్దముపై నల్లకాగితము అంటించి, అందు బఠానీగింజకంటె చిన్న రంధ్రము చేసి, వసారాలో నిలిపి, ఎండను ఇంటి లోపలి చివరి గోడమీదికి మరలించితిని. నడుమ సరిగా 10 మీటర్లు. కిటికీలు మూసి చీకటి చేయగా గోడపై గుండ్రని వెలుగు నిలిచినది. అది సూర్యబింబమే, రంధ్రమును నలుచదరముగా చేసినను అంత దూరమున వెలుగు గుండ్రముగానే పడును. 2023 జనవరి 4వ తేదీన దానిని తెల్లకాగితముపై పెన్సిలుతో గీసికొంటిని. జూలైలో మరల గీయుదమన్న మబ్బు విడువదు. ప్రతి ఉదయము అద్దము పట్టుకొని వసారాలో నిలుచు నన్ను చూచి ఇంటివారు నవ్విరి. ఎనిమిదవ దినమున ఎండ కాచినది. అదే అద్దము, అదే రంధ్రము, అదే దూరము. రెండు కాగితములను ఒకదానిపై నొకటి పెట్టి వెలుతురునకు పట్టితిని. జనవరి బింబమే పెద్దది. సుమారు 3 మిల్లీమీటర్లు హెచ్చు.

జనవరి మొదట సూర్యుడు మనకు సుమారు 14 కోట్ల 71 లక్షల కిలోమీటర్ల దూరమున నుండును. జూలై మొదట 15 కోట్ల 21 లక్షలు. మనము చలికి వణకు దినములలోనే అతడు దగ్గర! వేసవికి కారణము దూరము కాదు. భూమి యిరుసు సుమారు ఇరువదిమూడున్నర డిగ్రీలు ఒరిగియుండుట. మే నెలలో హైదరాబాదున మధ్యాహ్న సూర్యుడు నడినెత్తికి వచ్చును.

ఈ స్వల్పభేదము గ్రహణములందును పాలుపంచుకొనును. 1980 ఫిబ్రవరి 16న జపాల్-రంగాపూర్ వేధశాల వద్ద చంద్రుడు సూర్యుని పూర్తిగా కప్పెను. 2010 జనవరి 15న రామేశ్వరమున కప్పలేక, చుట్టును వెలుగుటుంగరము విడిచెను. చంద్రుడు దూరమున నుండి చిన్నవాడై యుండగా, జనవరి సూర్యుడు పెద్దవాడై యుండుటయే దానికి హేతువు.

ఇక సాయంకాలపు సూర్యుని సంగతి. పిల్లల కొరకు అస్తమయమునకు ముందు బింబమును గోడపై పట్టి చూపితిని. మధ్యాహ్నపు గీతకును దానికిని వెడల్పున భేదము లేదు. దిగంతమును తాకునప్పుడు గాలిపొరలు కిరణములను వంచుటచే నిలువున కొంత నొక్కుకొనిపోవునే గాని పెరుగదు. పెద్దదిగా తోచుట మనస్సు చేయు పని. అది యెట్లు చేయునో పండితులకు నేటికిని ఏకాభిప్రాయము లేదు. పిల్లలలో చిన్నవాడు నమ్మలేదు. "గోడ అబద్ధమాడుచున్నది" అన్నాడు. వానిని నేను కూర్చోమనలేదు; కొలబద్ద చేతికిచ్చితిని.

ఆ బాలిక యిప్పుడెక్కడ నున్నదో తెలియదు. రెండు కాగితములకును తేదీలు వేసి, క్రింద ఆమె పేరు వ్రాసి, నా నిఘంటువులో పెట్టియుంచితిని.