ముందు పనిముట్లు

మా నాన్నగారి రాత అచ్చులో వచ్చింది ఒక్కసారే. 1974లో రాయగడలో వెలువడిన ఒక వార్షిక సంచికలో పద్దెనిమిది పేజీల జ్ఞాపకం. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా వేరే రాష్ట్రమై, అంతదాకా మద్రాసు ప్రెసిడెన్సీలో విశాఖ ఏజెన్సీగా ఉన్న మన కోరాపుట్, రాయగడ ప్రాంతాలు అందులో కలిసేనాటికి ఆయనకు తొమ్మిదేళ్ళు. ఊరు కదలకుండా రాష్ట్రం మారడం ఎలా ఉంటుందో ఒక బడిపిల్లవాడి కళ్ళతో చెప్పుకొచ్చారు.

కోరాపుట్‌లో ఉన్న మా అక్కకు ఆ వ్యాసమంటే ప్రాణం. 2019 నాటికి ఆవిడ చూపు బాగా తగ్గింది. "ఆ చీమతలకాయంత అక్షరాలు ఇంక నావల్ల కాదురా. పెద్ద అక్షరాల్లో ఎవరైనా తీసిపెడితే బావుణ్ణు" అంది దసరాలకు వెళ్ళినప్పుడు. నేను టైపు చెయ్యబోతే పేజీకి ఒక పూట పట్టేలా ఉంది. అచ్చు పేజీ బొమ్మని చూసి అక్షరాలుగా మార్చే టెసరాక్ట్ అనే ఉచిత సాఫ్ట్‌వేరుందని, తెలుగూ చదువుతుందని మా మేనల్లుడు బెంగుళూరు నుంచి చెప్పాడు. 2018లో వచ్చిన దాని నాలుగో రూపం పాతదానికంటే మెరుగట. నా పాత ల్యాప్‌టాప్‌లో ఉన్న ఉబుంటు 16.04 మాత్రం మూడో రూపాన్నే ఇస్తుంది. కొత్తది కావాలంటే మూలప్రతి దించుకుని ఇంట్లోనే తయారుచేసుకోవాలి.

మౌసుతో పని లేదు. నల్లటి తెరమీద ఆజ్ఞలు టైపు చేసి ఎంటర్ నొక్కడమే. కాగితం మీద రాసుకున్నవి వరసగా కొట్టాను. మొదటిదానికే చుక్కెదురు. ఫలానా ఆజ్ఞ దొరకలేదంది. దాన్ని దాటవేసి రెండోది కొడితే సీ కంపైలరు లేదంది. మేనల్లుడికి ఫోన్ చేశాను.

"మావయ్యా, దుకాణంలో దోసె కొనుక్కుంటే రోలుతో పనిలేదు. నువ్వు బియ్యం, మినప్పప్పు తెచ్చుకుని ఇంట్లో వేస్తానంటున్నావు. రుబ్బురోలేదీ?" అన్నాడు.

సాఫ్ట్‌వేరు వాడుకునేవాడి యంత్రంలో, తయారుచేసేవాడి పనిముట్లు ఉండవు. స్థలం దండగని పెట్టరు. "బిల్డ్ ఎసెన్షియల్" అనే మూట తెప్పిస్తే కంపైలరు, మేక్ వగైరా ఒకేసారి వస్తాయి. ఆటోకాన్ఫ్, ఆటోమేక్, లిబ్‌టూల్, పీకేజీ కాన్ఫిగ్ విడిగా తెచ్చుకోవాలి. వాడు మరో మాట చెప్పాడు, అది అన్నిటికన్నా పనికొచ్చింది. "తెరమీద చివరి వరస చూసి కంగారుపడకు. పైకి వెళ్ళి మొదటి తప్పేదో చూడు. మిగతావన్నీ దాని పిల్లలు."

అవన్నీ తెచ్చాక మరో మెట్టు ఎక్కింది. ఈసారి లెప్టోనికా 1.74 గాని ఆపైది గాని కావాలంది. బొమ్మల్ని చదివిపెట్టే గ్రంథాలయం అది. నా ఉబుంటులో దొరికేది 1.73. ఒక్క మెట్టు తక్కువ! దాన్నీ మూలప్రతినుంచే తయారుచేశాను. ఏ తప్పూ చూపకుండా చక్కగా అయింది. టెసరాక్ట్ కూడా అయింది. నాన్నగారి మొదటి పేజీ ఇచ్చాను. చదవలేనంది.

నా స్కానరు పేజీల్ని పీఎన్‌జీ బొమ్మలుగా దాస్తుంది. ఆ రకం బొమ్మలు చూపించే సరంజామా నా యంత్రంలో ఉంది. కాని దాన్ని మరో సాఫ్ట్‌వేరులో కలిపి తయారుచెయ్యడానికి కావలసిన ఫైళ్ళు వేరే మూటలో ఉంటాయి. ఆ మూట పేరు చివర "డెవ్" అని తోక ఉంటుంది. అది లేకపోయేసరికి లెప్టోనికా గొడవచెయ్యలేదు, పీఎన్‌జీ చదవడం మానేసి తక్కిందంతా తయారై కూర్చుంది. లేదని అరిచే లోటు నయం. నోరు మెదపని లోటుతోనే చిక్కు. తోకమూటలు తెచ్చి, లెప్టోనికాను మొదటినుంచి మళ్ళీ కట్టాను.

అర్ధరాత్రి దాటాక ఇంకో పేజీ ఇచ్చాను. ఏ భాషనూ ఎక్కించుకోలేకపోయానని ఇంగ్లీషులో జవాబు. భాషల ఫైళ్ళు విడిగా తెచ్చి దాని సంచీలో పెట్టాలట. అవి లేకపోతే దానికి తెలుగే కాదు, ఇంగ్లీషూ రాదు. ఆ వరస చూస్తూ కాసేపు అలాగే ఉండిపోయాను. అక్క మనవరాలు గుర్తొచ్చింది. ఇంట్లో గలగలా తెలుగు మాట్లాడుతుంది. బడిలో ఒడియా, ఇంగ్లీషు. తెలుగు అక్షరం ఒక్కటీ రాదు. ఆ పిల్లలో లోటేమీ లేదు. ఎవరూ ఆ ఫైలు తెచ్చి పెట్టలేదు, అంతే. నేనూ పెట్టలేదు.

వదిలేద్దామనుకున్నాను. పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి పంతులుగారు తలపుకొచ్చారు. సవర పిల్లలకు సవరలో చదువు చెబుదామంటే ఆయనకు వాచకమూ లేదు, నిఘంటువూ లేదు. భాష నేర్చుకుని, ఒక్కొక్క పనిముట్టే చేసుకుంటూ పోయారు. ఆయన సవర వ్యాకరణం 1931లో, సవర–ఇంగ్లీషు నిఘంటువు 1938లో వచ్చాయి. నాకు తయారుచేసే శ్రమ లేదు, ఎవరో చేసిపెట్టినవి తెచ్చుకోవడమే. తెలుగు ఫైలు తెచ్చి పెట్టాను. తెల్లారేసరికి పద్దెనిమిది పేజీలూ అక్షరాలయ్యాయి.

ఇప్పటి ఉబుంటులో ఇంత తంటా లేదు. టెసరాక్ట్, దాని తెలుగు మూట ఒక్క ఆజ్ఞతో వస్తాయి. అయినా ఏదో ఒక సాఫ్ట్‌వేరు మూలప్రతినుంచి కట్టుకోవలసిన రోజు ఎవరికైనా వస్తుంది. అందుకే ఇదంతా రాశాను. కంపైలరు, తోకమూటలు, ఆ తర్వాతే అసలు పని.

పెద్ద అక్షరాల్లో తీయించిన కాగితాలు పట్టుకుని రైల్లో కోరాపుట్ వెళ్ళాను. అక్క పెన్సిలు పుచ్చుకుని కూర్చుంది. రెండో పేజీలోనే ఆగింది.

"ఇదేంట్రా, 'వెద్దబడి' అనుంది? నాన్న 'పెద్దబడి' అనే రాశారు."

యంత్రం పొరబడిందన్నాను. పక్కనే ఉన్న మనవరాలు వంగి చూసింది. "రెండూ ఒకలాగే ఉన్నాయి కదా అమ్మమ్మా?" అంది.

"ఒకలా ఎందుకుంటాయే? 'ప'కి తలకట్టు విడిగా ఉంటుంది. 'వ'కి అంటుకుని ఉంటుంది. ఏదీ, రాయి" అని అక్క పెన్సిలు ఆ పిల్ల చేతిలో పెట్టింది.