అమ్మాయి రాసిన చిట్టా

2019లో మా ఆవిడకు రొమ్ము క్యాన్సరని తేలింది. అప్పుడు మా అమ్మాయికి పదహారేళ్లు; పాలకోడులోనే ప్లస్ వన్ చదువుతోంది. చికిత్సకు చెన్నైలోని అడయారు క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్‌కు వెళ్లాము. చెల్లెల్ని క్యాన్సరుకు పోగొట్టుకున్న డాక్టర్ ముత్తులక్ష్మీరెడ్డి పూనికతో 1954లో మొదలైన ఆసుపత్రి అది.

ఇరవై ఒక్క రోజులకొకసారి మందు ఎక్కించేవారు. ఆ తరువాత ఒకటి రెండు వారాల్లో రక్తంలో తెల్లకణాలు బాగా తగ్గుతాయనీ, జ్వరం 100.4 డిగ్రీలకు చేరితే ఆలస్యం చేయకుండా దగ్గరి ఆసుపత్రికి పొమ్మనీ చెప్పారు. నేను తల ఊపాను. అమ్మాయి రాసుకుంది.

మా ఆవిడ పుట్టిల్లు కుప్పం. ఆమెకు తెలుగు తప్ప మరొకటి చదవను రాదు. ఇంట్లో మాట తెలుగే అయినా అమ్మాయి చదివింది తమిళ బడిలో. తెలుగు అక్షరాలు రావు. మాత్రల డబ్బాల మీద 'పొద్దున', 'రాత్రి' అని రాయడానికి అమ్మ మంచం పక్కనే కూర్చుని అక్షరాలు దిద్దింది. తరువాత ఒక నోటు పుస్తకం పెట్టి జ్వరమెంత, తిన్నదెంత అని రోజూ వంకర టింకరగా రాసేది.

రెండో విడత మందు ఎక్కించిన పదో నాటి రాత్రి జ్వరం 100.8.

"తెల్లారనీ, పోదాం" అన్నాను. నిజానికి నాకు కాళ్లాడలేదు.

"కాదు నాయినా, కాచుకోకూడదని చెప్పినారు" అని పుస్తకం నా ముందు పెట్టింది.

ఆ రాత్రే కారు పిలిపించుకుని ధర్మపురికి పోయాము. తెల్లకణాలు బాగా పడిపోయాయట. వెంటనే సూదిమందులు మొదలుపెట్టారు. ఆరు రోజులకు ఇల్లు చేరాము.

"బిడ్డంటే ఇట్లుండాల" అని చుట్టాలందరూ మెచ్చుకున్నారు. నేనూ పొంగిపోయాను. ఒకనాడు ఆ పుస్తకం తిరగేస్తుంటే, ఒక పుటలో జ్వరం లెక్క కింద చిన్నగా ఒక మాట కనిపించింది: 'ఈ రోజు నాకు లెక్కల పరీక్ష.' ఎట్లా రాశావని ఆ రోజు ఇంట్లో ఎవరమూ అడగలేదు.

బ్యాంకులో ఒకరు రాసిన పద్దును మరొకరు సరిచూసి సంతకం పెట్టాలి. ఇంట్లో మాత్రం రాసేదీ, సరిచూసేదీ ఆ బిడ్డ ఒక్కతే. మర్నాడే హోసూరులోని మా అక్కను పిలిపించాను. జ్వరం చూసి రాసే పని నేను తీసుకున్నాను.

మా ఆవిడ ఇప్పుడు కులాసాగా ఉంది. ఆ పుస్తకం బీరువాలో పాసు పుస్తకాలతో పాటు ఉంది. దాంట్లో మొదటి సగం అమ్మాయి దస్తూరి. రెండో సగం నాది. ఆ సగం ఇంకా ముందే మొదలై ఉండవలసింది.