కంపైలర్ చదవని లైన్

"అన్నా, ఒక్క కామెంట్ కోసం మళ్లీ వీ2 పంపాలా?"

మా టీమ్‌లో కొత్తగా చేరిన తమ్ముడి మెసేజ్. లినక్స్ కెర్నల్‌కి తను రాసిన మొదటి ప్యాచ్ అది. రివ్యూ నాది.

కోడ్‌కి వంక పెట్టడానికేం లేదు. ఇదివరకు పిలిచేవాళ్లు తీసుకునే స్పిన్‌లాక్‌ని ఇప్పుడు ఫంక్షనే తీసుకునేలా మార్చాడు. పైన కామెంట్ మాత్రం పాతదే: 'లాక్ తీసుకున్నాకే దీన్ని పిలవాలి.' అది నమ్మి రేపెవరైనా అలాగే పిలిస్తే? తన దగ్గరే ఉన్న లాక్ కోసం తనే ఎదురుచూస్తూ సీపీయూ అక్కడే తిరుగుతూ ఉంటుంది. డెడ్‌లాక్!

నిజం చెప్పాలంటే, నేనూ ఓకే కొట్టేయబోయాను. 'రివ్యూడ్-బై' అని నా పేరు టైప్ చేస్తుంటే చెయ్యి ఆగింది. రెండేళ్ల కిందట ఇలాంటి పాత కామెంట్‌నే నమ్మి రెండు రాత్రులు బగ్ వెతికాను. దాన్నీ ఎవరో చూసి ఓకే అనే ఉంటారు కదా!

కోడ్‌లో తప్పు రాస్తే కంపైలర్ అరుస్తుంది. కామెంట్‌ని అది చదవనే చదవదు. మెమరీ బారియర్ పక్కన కామెంట్ లేకపోతే చెక్‌ప్యాచ్ స్క్రిప్ట్ వార్నింగ్ ఇస్తుంది. కానీ ఉన్న కామెంట్ నిజమో కాదో దానికేం తెలుసు? అది చూడాల్సింది మనమే.

"పంపాలి తమ్ముడూ" అన్నాను.

పది నిమిషాల్లో వీ2 వచ్చింది. మారింది ఒక్క లైనే. ఈసారి నిశ్చింతగా నా పేరు పెట్టాను.