మనిషి గొలుసు కాడు

జడత్వం అనే మాట మనందరికీ హైస్కూలు నుంచీ తెలిసిందే. బస్సు ఠక్కున ఆగితే ముందుకు తూలిపడతాం, అది జడత్వం, పరీక్షలో రెండు మార్కులు. అంతటితో దానికీ మనకూ రుణం తీరిపోయిందనుకుంటాం. కాని వ్యవసాయపు కొంపలో పుట్టినవాడికి పాఠాలు పుస్తకంలో పడుకోవు. లేచి ఇంటికొస్తాయి.

కిందటి దాళ్వా దమ్ముల్లో మా ట్రాక్టరు గేరుబాక్సులో పళ్ళు విరిగాయి. తాడు కట్టి లాక్కుపోతే మిగిలినవీ పోతాయన్నాడు మెకానిక్కు. ఇక ట్రక్కు మీద వేసుకుని తాడేపల్లిగూడెం తీసుకుపోవాల్సిందే. 18 కిలోమీటర్లు. అందులో సగం కాలవగట్టు. బండి బరువు సుమారు 1,800 కిలోలు. దాని మీద అప్పు ఇంకా తీరలేదు.

ఎక్కించడం మావాళ్ళకు కొత్తగాదు. దిబ్బ పక్కనున్న గట్టినేల పల్లంలోకి ట్రక్కును దింపి, దాని అడుగు దిబ్బకు సమంగా వచ్చేట్టు నిలిపి, చక్రాలకు రాళ్ళు పెట్టి, పదిమందీ కలిసి నెట్టేస్తారు. ఈసారి ట్రాక్టరును వెనక్కి తిప్పి నెట్టమన్నాను. ట్రాక్టరు బరువులో ఎక్కువ భాగం దాని వెనక చక్రాల మీదే ఉంటుంది. మాది రెండు చక్రాల ట్రక్కు. బరువు ఇరుసుకు వెనకపడితే ముందు కొక్కెం పైకి లేస్తుంది, లాగే ట్రాక్టరు వెనక చక్రాలకు పట్టు పోతుంది. అలాగని మరీ ముందుకు జరిపితే దాని ముందు చక్రాలు తేలిపోయి స్టీరింగు మాట వినదు. ఇరుసుకు కాస్త ముందుగా ఉండాలి, అంతే. తక్కెడ సూత్రమే గదా!

ఇంతవరకూ ఎవరూ కాదనలేదు. పేచీ తర్వాత వచ్చింది. మా ట్రాక్టరు తోలే కుర్రాడు పైకెక్కి సీట్లో కూచున్నాడు. వాడు నాకంటే ఏడాది చిన్న.

"గేరు పనిచెయ్యదు గదా, ఒకడు బ్రేకు తొక్కిపట్టుకోవాలి. ఎప్పుడూ అంతేగా" అన్నాడు బాబాయి.

"బ్రేకు చక్రాన్ని తిరక్కుండా ఆపుతుంది బాబాయ్, జారకుండా ఆపదు" అన్నాను. టైర్లకు బురద, కింద నున్నటి ఇనపరేకు. రాపిడి ఎంతుంటుంది?

"ఏరా, కాలేజీలో ఇవి గూడా చెబుతున్నారా?"

చెబుతున్నారు. 40 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 11 మీటర్లు. 6 మీటర్ల ఎత్తునుంచి పడిన వస్తువు నేలను తాకేప్పుడు ఉండే వేగం అది. "రెండంతస్తుల మేడ మీంచి వీణ్ణి తోస్తావా బాబాయ్?" అన్నాను. బాబాయికి కోపమొచ్చింది. నాన్న కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "వాణ్ణి దిగమనండి. గొలుసులు తెప్పించండి" అన్నాడు.

రైసుమిల్లునుంచి గొలుసులు, బిగించే టర్న్‌బకిళ్ళు వచ్చేసరికి రెండు గంటలు పట్టింది. ట్రక్కు బాడుగ పెరిగింది. నాలుగు మూలలకూ నాలుగు విడివిడి గొలుసులు, టైర్లకు కాదు, ఇరుసుకూ చాసీకీ వేసి, ఎదురెదురు మూలలకు ఏటవాలుగా లాగాం. యూరపు దేశాల్లో లెక్క ఏమంటే, కట్టిన కట్టు ముందువైపు బరువులో నూటికి 80 వంతులూ, పక్కలకూ వెనక్కీ 50 వంతులూ ఆపగలగాలి. అంటే మా బండికి ముందుకు 1,440 కిలోల లాగుడు తట్టుకోవాలి. మన కొబ్బరితాడు తట్టుకుంటుందా? హ్యాండ్‌బ్రేకు వేసి, చక్రాలకు దుంగలు బిగించి, తాళం తీసేశాం. మూడు కిలోమీటర్లు పోయాక ఆపి చూస్తే ఒక గొలుసు వదులైంది. టైర్లు కుదుపుకు అణిగి లేస్తుంటాయి గదా, మళ్ళీ బిగించాం.

కాలవగట్టు మీద ఓ గేదె అడ్డమొచ్చింది. డ్రైవరు గట్టిగా బ్రేకు కొట్టాడు. గొలుసులు కిర్రుమన్నాయి. బండి అంగుళం కదల్లేదు. నేను మాత్రం ఖాళీగా ఉన్న ఆ సీటువైపే చూశాను.

ఆ కుర్రాడు గొలుసులు ఏటవాలుగా ఎందుకని అడిగితే దుమ్ములో గీసి చూపించాను. బలాల విభజన నాకు వారం పట్టింది, వాడికి అయిదు నిమిషాలు చాలింది. వాడు కాలేజీకి రాకపోవడానికి కారణం తెలివి కాదని అప్పుడు బాగా తెలిసింది.

మిత్రులారా, సెలవుల్లో మన ఊళ్ళకు పోతాం. ట్రక్కులో యంత్రం మీద, బస్తాల మీద, దూలాల మీద "పట్టుకోవడానికి" కూచున్న మనిషి ఎక్కడో కనిపిస్తాడు. గొలుసు ఖరీదు కంటే మనిషి చవకని అక్కడెవరో అనుకున్నారన్నమాట. వాణ్ణి దిగమందాం. మనం చదివే సైన్సు ఆ ఒక్కమాట ధైర్యంగా అనిపిస్తే చాలు, రెండు మార్కులు పోయినా ఫరవాలేదు.