గట్టుమీద నిలబడ్డవాడు

నలభై ఆరేళ్ళ వయసులో మా కంపెనీవారు నన్ను బడికి పంపించారు. మూడు రోజుల బడి. పలకా బలపం లేవుగాని, గోడనిండా అంటించిన తెల్లకాగితాలూ, మనిషికో రంగుపెన్నూ ఇచ్చారు.

"ఏం చదువండీ ఇది?" అని మా ఆవిడ అడిగింది.

"ఎజైల్ పద్ధతిని పెద్ద సంస్థలలో నడిపించడం ఎలాగో, సంస్థ మొత్తాన్ని బొమ్మగా గీసి నేర్చుకోవడం" అన్నాను.

"ఇన్నేళ్ళుగా మీరు చేస్తున్నది అదే కాదా?" అన్నది. చెప్పొద్దూ, నాకూ అదే సందేహం.

నేను హైదరాబాదులో ప్రోగ్రాం మేనేజరును. ఆరు జట్లు నా చుట్టూ తిరుగుతుంటాయి. ఒక జట్టుది తెరమీద కనిపించే భాగం, ఒకరిది లెక్కలు, ఒకరిది డేటాబేసు, ఒకరిది పరీక్షలు. ఒకరి పని ఇంకొకరికి అందించడం, అందలేదని మూడోవారికి చెప్పడం, ఎందుకు అందలేదో పైవారికి విన్నవించడం నా ఉద్యోగం. పొద్దున్నుంచి రాత్రిదాకా మీటింగులే. ఇంటి అప్పూ, అమ్మాయి చదువూ ఆ మీటింగులమీదనే నిలబడి ఉన్నవి.

ఎజైల్ అంటే బ్రహ్మవిద్యేమీ కాదు. 2001 ఫిబ్రవరిలో అమెరికాలోని యూటా రాష్ట్రంలో, స్నోబర్డ్ అనే మంచుకొండల విడిదిలో 17 మంది సాఫ్ట్‌వేరు నిపుణులు కూర్చొని ఒక చిన్న ప్రకటన రాశారు. ఏళ్ళతరబడి ప్లాను పట్టుకొని కూర్చోక, కొద్దికొద్దిగా చేసి, వాడుకొనేవారికి చూపించి, దిద్దుకొంటూ పొమ్మన్నది దాని సారాంశం. ఒక్క జట్టుకు ఇది చక్కగా పనికివస్తుంది. ఆరు జట్లకైతే? ఇంట్లో నలుగురికి వండే ఇల్లాలు పెళ్ళిపందిట్లో నాలుగు వందలమందికి వండినట్టే. కొలతలు పెంచినంతమాత్రాన వంట కాదు.

క్రెయిగ్ లార్మన్, బాస్ వొడ్డె అనే ఇద్దరు 2005 నుంచి పెద్దసంస్థలలో ఈ చిక్కుతో కుస్తీపట్టి, లార్జ్‌స్కేల్ స్క్రమ్ అనే పద్ధతిని తయారుచేశారు. ముద్దుపేరు 'లెస్'. ఇంగ్లీషులో తక్కువ అని అర్థం. మన భాషలో లెస్స అంటే బాగు. రెండర్థాలూ దానికి సరిపోతాయి. రెండు నుంచి ఎనిమిది జట్లదాకా ఉన్నా వస్తువు ఒకటే, చేయవలసిన పనుల జాబితా ఒకటే, ఆ జాబితాకు యజమాని ఒక్కడే. ప్రతి జట్టూ ఒక పనిని మొదటినుంచి చివరిదాకా తానే చేసి వాడుకరి చేతిలో పెట్టాలి.

మొదటిరోజు గురువుగారు ఒకే ప్రశ్న వేశారు: "మీ దగ్గర పని ఎందుకు ఆలస్యమవుతున్నది?" జవాబు మాటలలో చెప్పకూడదు. కారణాలను సున్నాలుగా రాసి, ఏది పెరిగితే ఏది పెరుగుతుందో బాణాలతో కలపాలి.

ఈ ఆలోచనకు మూలపురుషుడు జే ఫారెస్టర్. 1918లో నెబ్రాస్కాలో పశువుల పెంపకందారు ఇంట పుట్టినవాడు, 1956లో ఎం.ఐ.టి.లోని మేనేజిమెంటు బడిలో చేరాడు. జనరల్ ఎలక్ట్రిక్ వారి కెంటకీ ఫ్యాక్టరీలలో కొన్నాళ్ళు మూడు నాలుగు షిఫ్టులు నడిచేవి. కొన్నేళ్ళకే సగంమందిని ఇంటికి పంపవలసివచ్చేది. అంతా బజారు మహిమ అనుకొన్నారు. ఫారెస్టర్ నోటుబుక్కులో చేతితో లెక్కలు వేసి, బయట గిరాకీ నిలకడగా ఉన్నాసరే, లోపలివారు నిర్ణయాలు చేసే తీరే ఆ ఊగులాటను పుట్టిస్తుందని చూపించాడు. తప్పు ఏ ఒక్కరిదీ కాదు, అల్లికది.

మేమూ గీశాము. ఆలస్యం పెరిగితే పైవారికి ఆదుర్దా పెరుగుతుంది. ఆదుర్దా పెరిగితే ఇంకొక సమన్వయకర్తను వేస్తారు. సమన్వయకర్తలు పెరిగితే జట్లు ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం మానేస్తాయి. పని చేతులు మారడం పెరుగుతుంది. ప్రతి చేతి దగ్గరా ఒక వరస. వరస పెరిగితే ఆలస్యం పెరుగుతుంది. చూస్తూ చూస్తూ బాణం బయలుదేరినచోటికే వచ్చింది. మా జట్లలో ఒక చిన్న మార్పుకు అసలు పని 11 రోజులు. అది వాడుకరికి చేరడానికి నాలుగు నెలలు పట్టింది. ఆరు జట్లలో ఎవరూ ఒక్కపూట ఖాళీగా లేరు. పని మటుకు వరసలో ఖాళీగా కూర్చొని ఉంది.

'సమన్వయకర్తలు' అన్న సున్నా నేనే రాశాను. రాసినతర్వాతగాని అది నా ఫొటో అని తెలియలేదు. ఆ రాత్రి అన్నం సయించలేదు.

శుక్రవారం బడి ముగిసింది. ఇంటికి చేరేసరికి తుంగతుర్తినుంచి నాయన ఫోను. "బోరు పొయ్యిందిరా. ఇంకో రెండు వందల ఫీట్లు దింపాలె. పైసలు తీసుకొని రా."

శనివారం సూర్యాపేటలో బస్సు మారి ఊరికి వెళ్ళాను. దారిపొడుగునా మా పొలం చరిత్రే తలలో తిరిగింది. మాకు మూడెకరాలు, గట్టు అవతల మా చిన్నాయనకు మూడెకరాలు. బావి ఎండినప్పుడు నాయన 180 అడుగుల బోరు వేశాడు. చిన్నాయన 250 వేశాడు. మూడేళ్ళ కిందట నేను పంపిన డబ్బుతో నాయన 400 దింపాడు. ఆ యాసంగి మాకు వరి బ్రహ్మాండంగా పండింది; చిన్నాయన బోరు ఎండింది. ఆయన అప్పుచేసి 550 వేశాడు. ఇప్పుడు మాది ఎండింది. మధ్యలో అన్నదమ్ముల మాటలూ ఎండినవి. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు వచ్చింది గనుక మోటారు ఆపవలసిన పని ఎవరికీ లేకపోయింది. శ్రీరాంసాగర్ రెండోదశ కాలువకు చివరివాళ్ళం. పైవారు తాగగా మిగిలితే మా వంతు.

సాయంత్రం అమ్మ దగ్గర ముగ్గుపిండి అడిగి వాకిట్లో కూర్చున్నాను.

"సందెవేళ నీకు ముగ్గేందిరా?" అన్నది అమ్మ.

ఒక సున్నా మా బోరు, ఒక సున్నా చిన్నాయన బోరు, నడుమ భూమిలోపలి నీళ్ళు. నీళ్ళు తగ్గితే లోతు పెరుగుతుంది, లోతు పెరిగితే తోడడం పెరుగుతుంది, తోడితే నీళ్ళు తగ్గుతాయి. నాయన మంచంమీదనుంచి వంగి చూశాడు. నవ్వాడు.

"దీనికి మూడు రోజులు బడికి పోయినవా? మీ తాతకు ఎర్కనే ఇది. చెరువుకు ఒక్కడే నీరటి. తూము ఇప్పినా, మూసినా ఆయనే. పంటొచ్చినంక కల్లంల అందరు ఆయనకు వడ్లు కొలిచేది. అందరి మడి పండితెనే ఆయన ఇల్లు నిండేది."

నాకు ప్రాణం లేచివచ్చింది. "ఆఫీసులో నేనూ నీరటినే నాయనా!" అన్నాను.

నాయన ఒక నిమిషం ఆలోచించాడు. "నీరటి మోకాళ్ళదాంక బురదల దిగుతడు బిడ్డా. నువ్వు గట్టుమీద నిలబడి, ఎవని మడిల ఎన్ని నీళ్ళున్నయో రాసుకుంటున్నవ్."

ఇంత సూటిగా గురువుగారు కూడా చెప్పలేదు. నా మొహం చూసి కాబోలు, నాయనే మళ్ళీ అన్నాడు: "అట్లని అప్పుడంత న్యాయమే ఉండెననుకోకు. దొర మడి తడిసినంకనే మనది తడిసేది." అదీ నిజమే. జాబితా ఒక్కటైతే చాలదు. దాన్ని రాసేవాడి చూపు చివరి మడిదాకా పోవాలి.

ఇలాంటి పని మా జిల్లాకు కొత్త కాదు. ఉమ్మడి రాష్ట్రంలో, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో, ఏడు కరువు జిల్లాలలో రైతులే భూగర్భజలాన్ని చూసుకొనే పథకం ఒకటి నడిచింది. వాటిలో నల్లగొండ ఒకటి. రైతులే వానను కొలిచారు, బోర్లలో నీటిమట్టం కొలిచారు, ఊరందరిముందూ లెక్క రాసి, ఇంత నీటికి ఇంత పంట అని బడ్జెట్టు వేసుకొన్నారు. జరిమానా లేదు, బలవంతం లేదు. లెక్క అందరి కళ్ళముందూ ఉంది, అంతే. బొమ్మ గీయడంలో ప్రయోజనమూ అదే. గీసిన బొమ్మ గొప్పది కాదు. గీస్తూ మాట్లాడుకొన్న మాటలు గొప్పవి.

ఆ రాత్రి నాయన గట్టు దాటాడు. నేను వెనకాల నడిచాను. చిన్నాయన మోటారు దగ్గర కూర్చొని ఉన్నాడు. చాలాసేపటికిగాని నోరు విప్పలేదు.

"గట్టు దాటనీకి మూడేండ్లు పట్టిందా అన్నా?" అన్నాడు.

నాయన జవాబు చెప్పలేదు, పక్కన కూర్చున్నాడు. తెల్లవారేసరికి ఒప్పందం కుదిరింది. బోరు ఒక్కటే, చిన్నాయనది. రోజు విడిచి రోజు నీళ్ళు. చెరో ఎకరమే వరి; మిగతాది పల్లీ, పెసర. లోతు దింపడానికి నేను తెచ్చిన డబ్బు పైపులకు సరిపోయింది. మిగిలింది చిన్నాయన అప్పుకు వెళ్ళింది.

ఇక నా గట్టు మిగిలింది. సోమవారం పైవారికి బొమ్మ చూపించాను. ఆరు భాగాల జట్లను కలిపి, ఒక పనిని చివరిదాకా చేయగల జట్లుగా మార్చుదామన్నాను. "మరి నీ పనేమిటి?" అని అడిగారు. "ఒక జట్టులో కూర్చొని పనిచేస్తాను" అన్నాను. నోరు తడారిపోయింది. లెస్ పద్ధతిలో ఒక మాట ఉంది: ఉద్యోగానికి భరోసా ఇవ్వాలి, హోదాకు కాదు అని. వారు ఆ మాట నిలబెట్టుకొన్నారు. ముందు రెండు జట్లతో మొదలుపెట్టమన్నారు.

ఇంటికొచ్చి మా ఆవిడతో హోదా పోయిందని చెప్పాను.

"జీతం?"

"అదే."

"అయితే రాత్రిళ్ళు మీటింగులుండవన్నమాట!" అని కాఫీ తెచ్చి ఇచ్చింది.

పదేళ్ళ తర్వాత మళ్ళీ ప్రోగ్రాము రాస్తుంటే వేళ్ళు వణికాయి. జట్టులో పాతికేళ్ళ అమ్మాయి పక్కన కూర్చోపెట్టుకొని నేర్పిస్తున్నది. తప్పులు చేస్తున్నాను, దిద్దుకొంటున్నాను. మొన్న మా జట్టు ఒక చిన్న మార్పును మూడు వారాలలో వాడుకరి చేతిలో పెట్టింది. నాలుగు జట్లు ఇంకా పాతవరసలోనే ఉన్నవి; వాటి సంగతి ఏమవుతుందో చూడాలి.

ఆదివారం నాయనకు ఫోనుచేసి చెప్పాను.

"బురద అంటిందా?" అన్నాడు.

"అంటింది నాయనా" అన్నాను.