గొంతులోకి మరచేయి

రోబాట్ అనే మాటకు మనవాళ్ళు "మరమనిషి" అని పేరు పెట్టి చాలాకాలమయింది. మాట బాగానే ఉంది గాని, శస్త్రచికిత్స దగ్గరకు వచ్చేసరికి అది జనాన్ని పొరబాటు పడనిస్తోంది. మా గుత్తిలో రోబో ఆపరేషను అంటే, డాక్టరు పక్కన నిలబడి చూస్తూంటే యంత్రమే కోసి కుట్టేస్తుందని అనుకునేవారు ఎక్కువ. నిజానికి అది తనంతట తాను ఏ కోతా కోయదు. శస్త్రవైద్యుడు రోగికి కొంచెం దూరంలో కూర్చుని, పెద్దదిగా కనబడే బొమ్మను చూస్తూ వేళ్ళు కదుపుతాడు. రోగి నోట్లోకి దించిన సన్నని పనిముట్లు ఆ కదలికలను చిన్నవి చేసి అనుసరిస్తాయి. అందుకే నేను దాన్ని "మరచేయి" అంటాను. ఇంతకన్న మంచి మాట మీకు తోస్తే సంతోషమే.

గొంతుకు, నోటికి ఈ మరచేతిని వాడే పద్ధతిని అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో గ్రెగరీ వైన్‌స్టీన్, బర్ట్ ఒమాలీ అనే వైద్యులు తీర్చిదిద్దారు. 2009 డిసెంబరులో అక్కడి ప్రభుత్వ సంస్థ దానికి అనుమతి ఇచ్చింది. అంతకు ముందు నాలుక మొదట్లో లేచిన గడ్డను తీయాలంటే చాలా సందర్భాల్లో పెదవిని, కింది దవడ ఎముకను చీల్చి దారి చేసుకోవలసి వచ్చేది. ఆ చీల్చడం తప్పించడమే మరచేయి చేసిన మేలు.

మరి ఇంత మేలు చేసేదాన్ని మన శస్త్రవైద్యుల్లో చాలామంది ఎందుకు అందిపుచ్చుకోలేదు? పాతకాలపు మొండితనమని నేనూ విన్నాను. మా వీధిలో కొద్ది నెలల తేడాతో ఇద్దరికి ఈ జబ్బు వచ్చి, ఇద్దరి వెంటా ఆస్పత్రులకు తిరిగాక, ఆ మాట అంత తేలికగా అనలేకపోతున్నాను.

మొదటిది ఒక లారీ డ్రైవరు కథ. ఏళ్ళ తరబడి దవడలో గుట్కా పెట్టుకున్న మనిషి. బుగ్గ లోపల పుండు లేచింది. హైవే పక్కన ప్రకటన చూసిన అతని కొడుకు రోబోతోనే చేయించాలని పట్టుబట్టాడు. కర్నూలులో చూపించిన వైద్యుడు పుండు చుట్టూ వేలు పెట్టి నొక్కి, ఎంత లోతుకు గట్టిపడిందో చూసుకుని, "నోరు తెరిస్తే కనబడుతోంది, వేలికి అందుతోంది. దీనికి యంత్రమెందుకప్పా?" అన్నాడు. చేత్తోనే చేశాడు.

ఆ వేలి మాట చిన్నది కాదు. కంటికి మామూలుగా కనబడే కండలో కూడా జబ్బు పాకి ఉండవచ్చు. దాన్ని పట్టేది స్పర్శే. ఎన్నో ఏళ్ళుగా వాడుకలో ఉన్న మరచేతులలో ఆ స్పర్శ లేదు. కంటితో చూసి ఊహించుకోవలసిందే. పనిముట్టు కొన ఎంత ఒత్తుతోందో చేతికి తెలిపే నమూనాలకు అమెరికాలో అనుమతి ఆలస్యంగానే వచ్చింది.

ఇంకొకటి. పాశ్చాత్య దేశాల్లో ఈ పద్ధతి వ్యాపించడానికి ఒక కారణం, అక్కడ హెచ్‌పీవీ అనే వైరస్ వల్ల టాన్సిళ్ళలో, నాలుక మొదట్లో వచ్చే కాన్సర్లు పెరగడం. అవి చెయ్యి దూరని చోట్లు. మన దగ్గర పొగాకు వల్ల బుగ్గకు, చిగురుకు, నాలుక అంచుకు వచ్చేవే ఎక్కువ. నిప్పు నోటి లోపల ఉంచి కాల్చే అడ్డపొగ గురించి వినే ఉంటారు. దానివల్ల అంగిట్లో వచ్చే మార్పుల మీద పింద్‌బోర్గ్ బృందం మన రాష్ట్రంలో పదివేల మందికి పైగా గ్రామస్థులను పరీక్షించి 1971లో వ్యాసం ప్రకటించింది. ఆ అంగిలి కూడా చేతికి అందేదే. అక్కడి అవసరానికి పుట్టిన పనిముట్టును ఇక్కడి వైద్యుడు వెంటనే ఎత్తుకోకపోతే అందులో వింత లేదు.

ఖర్చు సంగతి సరేసరి. యంత్రం వెల కోట్లలో ఉంటుంది. దాని పనిముట్లను నిర్ణీతమైనన్ని సార్లు వాడాక మార్చవలసిందే. అంత పెట్టి కొన్న ఆస్పత్రికి దాన్ని ఖాళీగా ఉంచడం కష్టం. 2007లో ఆరోగ్యశ్రీ మొదలయిన తొలి మూడు జిల్లాల్లో మాది ఒకటి. కార్డు పట్టుకుని ఆస్పత్రి గడప తొక్కే మాబోటివారికి "అదనం" అనే మాట వినబడితేనే గుండె జారుతుంది.

రెండవ కథ మా పెద్దనాయనది. గుత్తి లోకోషెడ్డులో పనిచేసి రిటైరయినాడు, బీడీలు మానలేదు. నాలుక మొదట్లో గడ్డ. అదే కర్నూలు వైద్యుడు ఈసారి వేరేమాట చెప్పాడు: "ఇది నా చేతికి అందే చోటు కాదు. హైదరాబాదులో రోబో చేసే ఆయన దగ్గరికి వెళ్ళండి. రేడియేషను డాక్టరును కూడా కలవందే ఒప్పుకోవద్దు."

హైదరాబాదు వైద్యుడు స్కాన్లు చూసి, "నేను చెయ్యగలను. అయితే మెడలో గడ్డలు ఒకటికి మించి ఉన్నాయి కాబట్టి, తరువాత రేడియేషను కూడా తప్పకపోవచ్చు. అప్పుడు రెండు బాధలూ పడాలి" అన్నాడు. యంత్రం ఉన్నవాడు అలా చెబుతాడని నేననుకోలేదు. తరువాత చదివితే తెలిసింది: 68 మందితో ఈ రెండు చికిత్సలను పోల్చిన ఒరేటర్ అనే పరిశోధన 2019లో వెలువడింది. మింగే శక్తిలో రేడియేషను వైపు కాస్త మొగ్గు కనబడినా, రోగికి తెలిసేంత తేడా లేదని తేల్చారు. ఆపరేషను అయినవారిలో ఒకరు రక్తస్రావంతో చనిపోయారు కూడా.

పెద్దనాయన అడిగింది ఒకటే ప్రశ్న: "సార్, నేను మళ్ళా సంగటి మింగతానా?" రేడియేషనుకే ఒప్పుకున్నాడు. ఏడు వారాలు పట్టింది. నోరు ఎండిపోతుంది, జొన్నరొట్టె దిగదు. సంగటిని మాత్రం పప్పులో పలచన చేసుకుని మింగుతున్నాడు.

కాబట్టి వైద్యుణ్ణి నువ్వు యంత్రం పక్షమా, చేతి పక్షమా అని అడగడం వృథా. ఈ గడ్డ ఎక్కడుంది? చెయ్యి అందుతుందా? దీని తరువాత ఇంకేం చేయించుకోవాలి? ఈ మూడింటికీ విసుక్కోకుండా జవాబు చెప్పేవారి చేతిలో ఏ పనిముట్టున్నా నాకు భయం లేదు. మా ఇద్దరు రోగుల్లో ఒకరికి యంత్రం వద్దన్నవాడు, ఇంకొకరిని యంత్రం దగ్గరికి పంపినవాడు ఒకే వైద్యుడు. ఆయన దగ్గర ఈనాటికీ మరచేయి లేదు.