నలుగురికి సరిపడా

పెత్రమాసకు వారం ముందు హన్మకొండ బస్టాండులో ఒక వంటల పత్రిక కొన్నాను. అట్ట మీద "శరదృతువు ప్రత్యేకం: ఇంటిల్లిపాదికీ ఆరోగ్య వంటలు" అని ఉంది. బస్సు ఆలస్యమైంది కాబట్టి కొన్నానని నాకు నేను చెప్పుకున్నాను. నిజానికి కారణం అమ్మ. ఆగస్టులో చేయించిన పరీక్షలో ఆమె మూడు నెలల షుగర్ సగటు తొమ్మిది దాటింది. డాక్టర్ మాత్ర మోతాదు పెంచి, "అన్నం తగ్గించండి, తిండి మార్చండి" అన్నాడు. అమ్మ తలూపింది. ఇంటికి వచ్చి ఎప్పటిలాగే బియ్యం కడిగింది.

నేను చేసిన పరిశోధన స్త్రీల కవిత్వంలో వంటిల్లు గురించి. విమల "వంటిల్లు" కవిత మీద ఒక అధ్యాయమే రాశాను. పాఠం చెప్పేటప్పుడు అమ్మాయిలతో దాని మీద గంటలకొద్దీ మాట్లాడతాను. మాలతీ చందూర్ "వంటలు - పిండివంటలు" అన్ని ముద్రణలు ఎందుకు పొందిందో, నవలలు రాసిన మనిషిని ఎంతోమంది పాఠకులు వంటల పుస్తకంతోనే ఎందుకు గుర్తుపెట్టుకున్నారో విశ్లేషించాను. ఇంతా చేసి, ముప్పై ఆరేళ్లు వచ్చినా ముద్దపప్పు ఎంతసేపు ఉడకాలో నాకు తెలియదు. చదువుకునే పిల్ల అని అమ్మ నన్ను పొయ్యి దగ్గరికి రానివ్వలేదు. అప్పట్లో అది నాకు విముక్తిలాగే అనిపించింది.

కాలేజీలో నాది గంటల లెక్క ఉద్యోగం. దసరా సెలవులకు జీతం ఉండదు, సమయం మాత్రం ఉంటుంది. కాబట్టి ఒక పథకం వేసుకున్నాను. బతుకమ్మ తొమ్మిది రోజులూ వంట నాది. అమ్మ చేసే ప్రతి నైవేద్యానికీ పత్రికలో నుంచి ఒక ఆరోగ్యకరమైన జత వెతికాను. ఎంగిలిపూల నాటి నువ్వులు, నూకలు అలాగే ఉంటాయి. అటుకుల బతుకమ్మ నాడు బెల్లం బదులు ఖర్జూరం. ముద్దపప్పు రోజు పెసరపప్పు, పాలకూర సూపు. నానబియ్యం రోజు నానబెట్టిన క్వినోవా. అట్ల బతుకమ్మకు ఓట్స్ అట్లు. ఆరో రోజు అలిగిన బతుకమ్మ, ఆ రోజు నైవేద్యం లేదు కాబట్టి గడి ఖాళీ. వేపకాయల బతుకమ్మకు నూనెలో వేయించేవాటి బదులు ఆవిరి మీద ఉడికించినవి. వెన్నముద్దలకు గుమ్మడి గింజల ఉండలు. సద్దుల నాటి ఐదు రకాలకూ క్వినోవా. ఇదంతా గళ్లు గీసి ఫ్రిజ్ తలుపుకు అతికించాను. అమ్మ దాన్ని చదివి, "టైంటేబుల్ మంచిగున్నది బిడ్డా" అంది.

క్వినోవా కోసం మూడు దుకాణాలు తిరిగాను. అరకిలో పొట్లం ధర చూసి అమ్మ దాన్ని బీరువాలో పెట్టబోయింది. దక్షిణ అమెరికాలో ఆండీస్ కొండల రైతులు వేల ఏళ్లుగా పండించుకు తింటున్న గింజ అది. ఐక్యరాజ్యసమితి 2013ను క్వినోవా సంవత్సరంగా, పదేళ్ల తర్వాత 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. ఈ సంగతులన్నీ అమ్మకు ఉత్సాహంగా చెప్పాను. కొర్రలు, సజ్జలు, జొన్నలు ఇప్పుడు ప్రపంచమంతా తింటున్నదని కూడా చెప్పాను.

అమ్మ నవ్వింది. "మా అవ్వ గవి తినలేకనే ఏడ్సింది. జొన్నగట్క, మక్కగట్క. బియ్యపన్నం పండుగకే. నా పెండ్లయిన ఏడు రెండు రూపాలకు కిలబియ్యం అచ్చినయి. ఆ ఏడు మా అవ్వ కడుపునిండ తెల్లన్నం తిన్నది."

1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం తెచ్చిన రెండు రూపాయల కిలో బియ్యం పథకాన్ని సంక్షేమ రాజకీయాల్లో భాగంగా చదువుకున్నదాన్ని నేను. పరకాల దగ్గరి ఊళ్లో ఒక కూలి మనిషికి అది మొదటిసారి దొరికిన గౌరవమని అమ్మ ఒక్క మాటలో చెప్పేసింది. 2025 ఉగాది నుంచి రేషన్‌లో సన్నబియ్యం వస్తున్నప్పుడు ఆమె గింజలు చేతిలో పోసుకొని చూసిన చూపు గుర్తొచ్చింది. అంత కష్టపడి అందుకున్న అన్నాన్ని వదిలెయ్యమని, వదిలించుకున్న గట్కను "సూపర్ ఫుడ్" పేరుతో మళ్లీ కొనుక్కోమని చెబుతున్నాం. ఇందులో ఆరోగ్యశాస్త్రం తప్పేమీ లేదు. కానీ చెప్పే మనిషికి ఈ చరిత్ర తెలిసి ఉండాలి. జహీరాబాద్ ప్రాంతంలో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత స్త్రీలు 1980ల నుంచి ఆ విత్తనాలను దాచి, పండించి, పంచుకుంటూ వచ్చారు. వాళ్లకు ఆ గింజ పొట్లంలో కొనుక్కునే ఆరోగ్యం కాదు, తమ చేలో తమ నిర్ణయం. నా పత్రికలో వాళ్ల ప్రస్తావన ఎక్కడా లేదు. నీసు ప్రస్తావన కూడా లేదు. దసరా నాడు యాట కూర వండుకునే మా కొత్తవాడ పద్మశాలి ఇళ్లు ఆ "ఇంటిల్లిపాది"లో లేవు.

వంటలు మొదలుపెట్టాక నాకు అర్థమైన మొదటి సంగతి, పత్రికలో రాసే "తయారీ సమయం: 20 నిమిషాలు" అబద్ధమని. ఆ ఇరవై నిమిషాల్లో పాలకూర మట్టి పోయేదాకా కడగడం లేదు. కొనడం, తరగడం, మిక్సీ గిన్నె తోమడం, గచ్చు తుడవడం లేవు. పదార్థాల పట్టికలో "ఉడికించిన పెసరపప్పు ఒక కప్పు" అని ఉంటుంది. ఎవరు ఉడికించారో ఉండదు. ఇంటి చాకిరీ లెక్కలోకి రాదని నేను సిద్ధాంతవ్యాసంలో రాసినదానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు ఎక్కడా దొరకలేదు.

మూడో రోజు గుమ్మడికాయ సూపు కూడా చేద్దామనుకున్నాను. బతుకమ్మ పేర్చడానికి ఆకులు, గౌరమ్మకు పువ్వు ఇచ్చే తీగే కదా, కాయ కూడా ఉండనీ అనుకున్నాను. కత్తిపీట ముందు కూర్చుంటే అమ్మ ఆపింది. గుమ్మడికాయకు మొదటి వేటు ఆడవాళ్లు వేయొద్దట. అన్న వచ్చేదాకా ఆగమంది. అన్న ఎనుమాముల మార్కెట్‌లో గుమాస్తా. పత్తి రావడం మొదలైతే ఎప్పుడొస్తాడో తెలియదు. నేను వినలేదు, కాయ రెండు చెక్కలు చేశాను. అమ్మ ఏమీ అనలేదు, లోపలికి పోయింది. నేను ఆ పూటకు గెలిచినట్టు సంబరపడ్డాను. సూపు ఎవరికీ నచ్చలేదు. గిన్నెలో మిగిలినదంతా రాత్రి అమ్మ తాగింది.

ఇక్కడే నేను గమనించవలసింది ఒకటుంది, గమనించలేదు. పత్రికలో ప్రతి వంట కిందా "నలుగురికి సరిపడా" అని ఉంటుంది. మా ఇంట్లో ఐదుగురం. అన్న, వదిన, వాళ్ల ఎనిమిదేళ్ల బిడ్డ, నేను, అమ్మ. మూడు రోజులూ కొలత ప్రకారం వండాను. మూడు రోజులూ సరిపోయింది. ఎలా సరిపోయిందని నేను ఒక్కసారి కూడా అడగలేదు.

ఐదో రోజు అట్ల బతుకమ్మ. ఓట్స్ పిండి పెనానికి అతుక్కుపోతున్నది. ఒకటి చిరిగింది, ఒకటి మాడింది. బియ్యప్పిండి కలిపాను, నీళ్లు తగ్గించాను. పత్రిక తిరగేసి మళ్లీ చదివాను. నైవేద్యం పెట్టాలి, బిడ్డ తినాలి, అన్న మార్కెట్‌కు పోవాలి. పండగ గిరాకీలో బట్టల దుకాణంలో పనిచేసే వదినకు టిఫిన్ కట్టాలి. అమ్మ పొయ్యి పక్కనే నిలబడి, వచ్చిన అట్టును వచ్చినట్టు ఒక్కొక్కరికీ అందిస్తున్నది. పొద్దున ఎనిమిదికి పరగడుపున మాత్ర వేసుకుంది. పదకొండున్నరకు, ఆరో అట్టు నేను తిరగేస్తుండగా, గోడకు ఆనుకొని కిందికి జారింది. ఒళ్లంతా చెమట. నన్ను చూస్తున్నది గానీ గుర్తుపట్టడం లేదు.

పెరిగిన షుగరే ఇంత చేసిందనుకున్నాను. చక్కెర డబ్బా నా చేతికి అందేంత దూరంలోనే ఉంది. దాన్ని విషంలా చూసి, ఆటో కోసం పరుగెత్తాను. పక్కింటి అత్తమ్మ వచ్చి, ఒక్క చూపులో అర్థం చేసుకొని, చక్కెర నీళ్లు కలిపి తాగించింది. ఆమె భర్తకు కూడా షుగరే. ఆస్పత్రికి చేరేసరికి అమ్మకు స్పృహ మామూలుగానే వచ్చింది. అప్పటికీ యంత్రంలో అంకె అరవై నాలుగు.

డాక్టర్ నన్ను అడిగిన ప్రశ్న ఇది: "ఏం పెడుతున్నారో సరే. ఈమె ఎప్పుడు తింటున్నది?"

నా దగ్గర జవాబు లేదు. ఆ ఇంట్లో పుట్టాను. పెళ్లయి పోయి, రెండేళ్లకు తిరిగి వచ్చి, ఆరేళ్లుగా ఆ ఇంట్లోనే ఉంటున్నాను. అమ్మ ఎప్పుడు తింటుందో నాకు తెలియదు. కూర్చొని తినగా చూసిన గుర్తు లేదు. నిలబడి, గిన్నెలోనే, అందరి తర్వాత, మిగిలినది. మాత్ర మాత్రం డాక్టర్ చెప్పాడు కాబట్టి ఠంచనుగా వేసుకునేది. తిండి మాత్రం ఇల్లు చెప్పినప్పుడు తినేది.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత, 2019-21, దేశంలో పదిహేను నుంచి నలభై తొమ్మిదేళ్ల స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉందని చెప్పింది. ఆ అంకెను నేను ఎన్నో సదస్సుల్లో వాడాను. ఆడవాళ్లు చివర తింటారని, మిగిలినది తింటారని ఆ వేదికల మీదే చెప్పాను. చెప్పి ఇంటికొచ్చి, అమ్మ వడ్డించిన కంచం ముందు కూర్చున్నాను. నా పిహెచ్.డి., వదిన ఉద్యోగం, అన్న మార్కెట్ పని, అన్నీ అమ్మ తినని పూటల మీద నడిచాయి. పితృస్వామ్యం అంటే మగవాళ్లు మాత్రమే కూర్చొని తినడం అనుకుంటే సులువు. ఆ నలుగురిలో నేనూ ఒకదాన్ని.

మర్నాడు అలిగిన బతుకమ్మ. వాడలో ఎవరూ బతుకమ్మను పేర్చలేదు. అమ్మ మంచం మీద పడుకొని ఉంది. లేవబోతే వదిన పడనివ్వలేదు, ఆ రోజు దుకాణానికి పోకుండా జీతం కోత పెట్టించుకుంది. అన్న బియ్యం కడిగి, నీళ్లెన్ని పోయాలని అమ్మను మూడుసార్లు అడిగాడు. అన్నం మెత్తగా అయింది. అమ్మ కళ్లు మూసుకొని, "మంచిగనే ఉన్నది" అంది. నేను ఫ్రిజ్ మీది టైంటేబుల్ చింపేశాను.

కొత్త ఏర్పాటు గురించి రెండు రోజులు వాదన జరిగింది. మాత్ర వేసుకున్న అరగంటలో, ఎవరు తిన్నా తినకపోయినా, అమ్మ తినాలి. అమ్మకు పెద్ద అడ్డంకి అన్న కాదు, దేవుడు. "నైవేద్యం పెట్టకముందే ఎట్ల తింట? ఎంగిలైతది."

"పండుగ పేరే ఎంగిలిపూల బతుకమ్మ కదనే" అన్నాను. ముందురోజు తెంపి నీళ్లలో ఉంచిన పూలు కాబట్టి ఆ పేరని కొందరంటారు. పెత్రమాస నాడు ఏదో ఒకటి తిన్నాకే బతుకమ్మను పేరుస్తారు కాబట్టి అని మరికొందరంటారు. మా వాడలో ఆకలైన మనిషిని "కొంచెం ఎంగిలి పడు" అనే అంటారు. అమ్మ కూడా నన్ను ఎన్నోసార్లు అలాగే పిలిచింది. ఈసారి ఆ మాట నేనన్నాను. అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "కొంచెం పక్కకు తీసి పెట్టు దేవునికి. మిగిలింది తింట" అంది. ఇద్దరం కొంత కొంత దిగాం.

సద్దుల నాడు ఐదు రకాలూ చేశాం. చింతపండు పులిహోర, పెరుగు సద్ది కొర్రలతో. ముందు రాత్రే నానబెట్టమని చెప్పింది అమ్మే, గింజ విడివిడిగా వచ్చింది. నువ్వులు, కొబ్బరి, నిమ్మకాయ సద్దులు మామూలు బియ్యంతో. సజ్జరొట్టె నలిపి మలీద కూడా చేసింది, బెల్లం సగమే వేసి. క్వినోవా పొట్లం అలాగే ఉంది. ఎనిమిదేళ్ల బిడ్డ దాన్ని తడి ఇసుక అంది.

పులిహోర కలుపుతూ అమ్మ మా తాత సంగతి చెప్పింది. తాత 1934లో మొదలైన ఆజంజాహి మిల్లులో పనిచేశాడు. నాయనమ్మ రోజూ సద్ది కట్టి గేటు దాకా తీసుకుపోయేదట. నాయన జంపఖానాల మగ్గం మీద కూర్చుంటే అమ్మ కండెలు చుట్టి, వండి, అందించేది. సద్ది అంటే పోయేవాళ్ల కోసం కట్టేది. చెరువుకు పోయే బతుకమ్మకు కూడా సద్ది కడతాం. నాయనమ్మకు ఎవరు కట్టారని అడిగాను. "ఆమె ఎటు పోయిందని కట్టుడు?" అంది అమ్మ, ఇది ప్రశ్నేనా అన్నట్టు.

సాయంత్రం భద్రకాళి చెరువుకు బయలుదేరే ముందు ఒక డబ్బాలో పెరుగు సద్ది పెట్టి అమ్మ చేతిసంచిలో వేశాను. తంగేడు, గునుగు తల మీదికెత్తుకొని ఆడవాళ్లు వాడ దాటుతున్నారు. ఎనిమిది గంటలకు, కట్ట మీద, పాటల మధ్యలో అమ్మ నన్ను పక్కకు పిలిచింది. మెట్టు మీద కూర్చుంది. డబ్బా మూత తీసి మొదటి ముద్ద నాకు పెట్టబోయింది.

"నువ్వు తిను" అన్నాను.

తిన్నది. నేను పక్కన కూర్చొని, డబ్బా ఖాళీ అయ్యేదాకా చూశాను.